మూడో గడిలో ఎవరి పేరు?



మీ బిడ్డను స్కూల్లో చేర్చేటప్పుడు నింపిన దరఖాస్తును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తండ్రి ఫోన్ నంబరు, తల్లి ఫోన్ నంబరు రాయడానికి మీకు అర నిమిషం కూడా పట్టి ఉండదు. సాధారణంగా వాటి కిందే మూడో గడి ఒకటి ఉంటుంది: మీరిద్దరూ దొరకనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? చాలామంది పెన్ను ఆగేది అక్కడే. కొందరు ములుగులో ఉన్న మేనమామ పేరు రాస్తారు. కొందరు హైదరాబాదులో ఉద్యోగం చేసే బాబాయి పేరు రాస్తారు. ఇంకొందరు ఖాళీగా వదిలేస్తారు.

మధ్యాహ్నం పన్నెండింటికి పాపకు జ్వరం వచ్చిందనుకోండి. ములుగు మేనమామకు ఎంత ప్రేమ ఉన్నా, బస్సెక్కి వచ్చేసరికి గంట దాటుతుంది. ఆ సమయంలో కావలసింది పది నిమిషాల్లో నడిచి రాగలిగే మనిషి. పాప చూడగానే గుర్తుపట్టి, భయం లేకుండా వెంట వెళ్ళగలిగే మనిషి. చుట్టమే కానక్కర్లేదు. కానీ మన మనిషి కావాలి.

అలాంటి మనిషి ఒకరు మీ వాడకట్టులో ఉన్నారా? ఈ నెల వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఇంతమంది మధ్య ఒంటరిగా

కాశిబుగ్గను ఎవరూ నిర్మానుష్యమైన చోటు అనరు. పక్కనే ఏనుమాముల మార్కెట్. మిర్చి కాలం వస్తే బస్తాల బండ్లు, ఆటోలు, ఘాటుకు తుమ్ములు. గల్లీ గల్లీకీ కిరాణా కొట్టు, టిఫిన్ బండి, ట్యూషన్ బోర్డు. ఇంత సందడిలో ఒంటరితనం ఎక్కడిదని మీకు అనిపించవచ్చు.

కానీ ఈ సందడిలో ఉన్నవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు ఊళ్ళ నుంచి పిల్లల చదువు కోసమే వరంగల్‌కు మారిన కుటుంబాలు ఎన్నో. చాలా ఇళ్ళల్లో తండ్రి ఊళ్ళోనే ఉండి పొలమో ఉద్యోగమో చూసుకుంటాడు. తల్లి పిల్లలతో రెండు గదుల పోర్షన్‌లో ఉంటుంది. రెండు మూడేళ్ళకోసారి కిరాయి ఇల్లు మారుతుంది. పక్కింటివాళ్ళతో పరిచయం కుదిరేసరికి మళ్ళీ సామాను సర్దుకోవాల్సి వస్తుంది.

ఊళ్ళో పిల్లవాడు వీధిలో కనబడితే ఏ అవ్వో పిలిచి "ఎవరి బిడ్డవురా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో వాడికి తన ఇంటిపేరు, తాత పేరు, ఊళ్ళో తన చోటు అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ వాడిని అలా అడిగేవాళ్ళు లేరు. స్కూల్ బస్సు గేటు ముందు దించుతుంది, గేటు మూసుకుంటుంది, లోపల ఫోన్ తెరుచుకుంటుంది.

పెద్దల సంగతీ అంతే. ఫోన్‌లో ఎనిమిది వందల నంబర్లు ఉంటాయి. అపార్ట్‌మెంట్ గ్రూపు, క్లాసు గ్రూపు, చిన్ననాటి దోస్తుల గ్రూపు. రాత్రి పదింటికి కడుపునొప్పి వస్తే ఎవరి తలుపు తట్టాలో మాత్రం తెలియదు. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. మధ్యాహ్నం పూట తలుపు వేసుకుని ఒక పుస్తకం చదువుకునే మనిషి ఒంటరిగా ఉన్నా హాయిగానే ఉంటాడు. నలభై మంది ఉన్న తరగతిలో కూర్చున్న పిల్లకు, తను రాకపోయినా ఎవరూ పట్టించుకోరని అనిపిస్తే అది ఒంటరితనం. చుట్టూ ఎందరు ఉన్నారన్నది దీనికి కొలత కాదు. మనం కనబడకపోతే ఎందరు అడుగుతారన్నదే కొలత.

ఇది చిన్న సమస్య కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను వేసింది. ఆ కమిషన్ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఇది ముసలివాళ్ళ సమస్య అని మనం అనుకుంటాం. అదే నివేదికలో 13 నుంచి 29 ఏళ్ళ వారిలో 17 నుంచి 21 శాతం మంది తమకు ఒంటరిగా అనిపిస్తోందని చెప్పారు. అందులోనూ టీనేజ్ పిల్లల్లోనే ఇది అందరికన్నా ఎక్కువ. గుండె జబ్బులు, పక్షవాతం, మధుమేహం, కుంగుబాటు, చదువులో వెనుకబాటు వంటివాటితో ఒంటరితనానికి సంబంధం ఉందని ఆ నివేదిక చెబుతోంది.

ఆపద వేళ ఇది ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వారిలో ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు ఎక్కువ. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజ శాస్త్రవేత్త ఆ తర్వాత ఆ నగరంలో పక్కపక్కనే ఉన్న రెండు పేట్లను పోల్చి చూశాడు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు, ఎండ ఒక్కటే. అయినా ఒక పేటలో మరణాలు చాలా తక్కువ. ఆ పేటలో వీధులు జనంతో కళకళలాడుతున్నాయి. దుకాణాలు తెరిచి ఉన్నాయి. ముసలివాళ్ళు బయటికి వస్తారు, రాకపోతే పక్కవాళ్ళు గమనిస్తారు. రెండో పేటలో ఖాళీ ఇళ్ళు, మూసిన దుకాణాలు ఎక్కువ. తలుపు తట్టేవాళ్ళు లేక ముసలివాళ్ళు లోపలే ఉండిపోయారు.

వరంగల్ ఎండలు మనకు కొత్త కాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన నగరంలోని కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన రోజులూ మనం మరచిపోలేదు. అలాంటి రాత్రి పడవ వచ్చేలోపు పైఅంతస్తుకు పిలిచే మనిషి ఎవరు? కింది పోర్షన్‌లో మంచం దిగలేని ముసలమ్మ ఉందని సహాయక సిబ్బందికి చెప్పే మనిషి ఎవరు? ఆ మనిషిని వాన పడిన రాత్రి వెతుక్కోలేం. ముందే ఉండాలి.

మరి అలాంటి మనుషులు ఎలా దొరుకుతారు? "అందరితో కలిసిమెలిసి ఉండండి" అని చెప్పడం తేలిక. ఎలా కలవాలన్నదే అసలు విషయం. దానికి మూడు సంగతులు అవసరం: కనబడే చోటు, గడిపే గంటలు, పంచుకునే పని.

ఒకటి: కనబడే చోటు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం పెళ్ళయిన విద్యార్థుల కోసం ఇళ్ళు కట్టించింది. అక్కడ ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో ముగ్గురు పరిశోధకులు అడిగి తెలుసుకుని 1950లో ప్రచురించారు. ఒకే అంతస్తులో పక్కపక్క తలుపుల వాళ్ళలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులయ్యారు. ఒక తలుపు దాటితే 22 శాతం. వరండాకు ఆ చివర, ఈ చివర ఉన్నవాళ్ళలో 10 శాతమే. వాళ్ళ మధ్య దూరం కొన్ని అడుగులే! మెట్ల దగ్గర ఉన్న ఇళ్ళవాళ్ళకు పైఅంతస్తులో కూడా స్నేహితులు ఎక్కువ. కారణం వాళ్ళ మంచితనం కాదు. రోజూ పదిమంది ఆ మెట్ల మీదుగా వెళ్తారు కాబట్టి.

అంటే స్నేహానికి మొదటి పెట్టుబడి ఇష్టాలు కలవడం కాదు, ముఖాలు కలవడం. మన పాత ఇళ్ళకు ఈ సంగతి తెలుసు. వీధి వైపు అరుగు ఉండేది. సాయంత్రం అయితే బియ్యం చేట పట్టుకుని ఒకరు, చిక్కుడుకాయలు వలుస్తూ ఒకరు అక్కడ కూర్చునేవారు. ఎవరినీ "ఇంటికి రండి" అని పిలవక్కర్లేదు. దారిన పోతున్నవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు, రెండు మాటలు మాట్లాడి వెళ్తారు. ఇప్పుడు అరుగు స్థలంలో బైకు పార్కింగు, దాని ముందు ఇనుప గేటు వచ్చాయి.

అరుగును తిరిగి కట్టలేకపోవచ్చు. దాని పనిని మరో చోట చేయించవచ్చు. సాయంత్రం అరగంట గేటు ముందు రెండు కుర్చీలు వేసుకోండి. కూరగాయలు యాప్‌లో కాకుండా వారానికి రెండు రోజులు అదే బండి దగ్గర కొనండి. బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ముందు రండి. ఫోన్ జేబులోనే ఉంచండి. పక్కన నిలబడ్డ తల్లికీ ఏడో నంబరు బస్సే కావాలి, ఆమె కూడా రోజూ అదే చోట నిలబడుతుంది. మన కాలపు అరుగు ఆ బస్టాప్.

పిలుపు లేకుండా వెళ్ళి కూర్చోగలిగే చోట్లు ఒక సమాజానికి ఎంత అవసరమో మన జిల్లా చరిత్రలోనే ఉంది. నిజాం పాలనలో ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగు చదువుకోవాలనుకునే వాళ్ళు ఎవరికి వారే ఉండిపోయిన రోజులవి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. మూడేళ్ళకు, 1904లో, మన హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. పేరుకు అది గ్రంథాలయం. కానీ పత్రిక చదవడానికి వచ్చిన మనిషి పక్కన అదే పత్రిక కోసం ఎదురుచూస్తున్న మరో మనిషి ఉంటాడు. తనలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారని తెలియడం ఎంత ధైర్యమో, ఆ తర్వాత తెలంగాణలో గ్రంథాలయాల చుట్టూ ఒక ఉద్యమమే పెరగడం చూస్తే అర్థమవుతుంది.

రెండు: గడిపే గంటలు

ముఖాలు కలిస్తే పరిచయం అవుతుంది. పరిచయం స్నేహం కావడానికి ఎంతసేపు పడుతుంది? కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు సరిగ్గా ఇదే లెక్క వేయడానికి ప్రయత్నించాడు. కొత్త ఊరికి మారిన పెద్దవాళ్ళను, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులను అడిగి, 2018లో ఫలితాలు ప్రకటించాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన లెక్క తేలింది.

ఇంకో సంగతి కూడా అందులో ఉంది. ఒకే ఆఫీసులోనో, ఒకే తరగతిలోనో తప్పనిసరిగా పక్కపక్కన కూర్చున్న గంటల వల్ల స్నేహం పెద్దగా పెరగదు. ఇష్టంతో గడిపిన గంటలే లెక్కకు వస్తాయి. ఆటలు, నవ్వులు, ఊరికే కూర్చుని చెప్పుకునే కబుర్లు.

ఇప్పుడు మీ బిడ్డ రోజును ఈ లెక్కతో చూడండి. ఉదయం ఆరున్నరకు లేవడం, స్కూలు, స్కూలు నుంచి ట్యూషన్, ట్యూషన్ నుంచి హోంవర్క్, భోజనం, నిద్ర. స్కూల్లో గంటలన్నీ తప్పనిసరి గంటలే. తోటి పిల్లలతో ఇష్టంగా గడిపే సమయం ఎంత మిగిలింది? రోజుకు పావుగంట మాత్రమే దొరికితే 200 గంటలు పూర్తి కావడానికి రెండేళ్ళు దాటుతుంది. అప్పటికి సెక్షన్ మారుతుంది, లేకపోతే కిరాయి ఇల్లు మారుతుంది. "మావాడికి ఫ్రెండ్సే లేరండీ, ఎవరితోనూ కలవడు" అని బాధపడే ముందు, కలవడానికి వాడికి మనం గంటలు మిగిల్చామా అని మనల్ని మనం అడగాలి. ఈ ప్రశ్న మీకే కాదు, టైంటేబుల్ వేసే మాలాంటి వాళ్ళకూ వర్తిస్తుంది.

చదువు తగ్గించమని చెప్పడం లేదు. వారంలో ఐదు సాయంత్రాలు, రోజుకు ముప్పావు గంట, గల్లీలోనే ఆట. అంతే చాలు. ఏడాది తిరిగేసరికి దాదాపు 200 గంటలు అవుతుంది. మార్కుల షీటులో కనబడని సబ్జెక్టు అది.

మూడు: పంచుకునే పని

కనబడ్డాం, మాట్లాడుకున్నాం. అయినా "ఇది నా చోటు" అనిపించాలంటే ఇంకొకటి కావాలి. అక్కడ మనకొక పని ఉండాలి. చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళకు మర్యాద దక్కుతుంది. గిన్నె కడిగినవాళ్ళకు ఇల్లు దక్కుతుంది.

కాశిబుగ్గ నుంచి నర్సంపేట దారి పడితే గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి వస్తుంది. ఒకప్పుడు మచ్చాపూర్ పంచాయతీలో ఒక చిన్న పల్లె. 1994లో సొంత పంచాయతీ అయింది. ఈ రోజు దేశం నలుమూలల నుంచి జనం ఆ ఊరిని చూడటానికి వస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2015 ఆగస్టు 17న గ్రామజ్యోతి కార్యక్రమాన్ని అక్కడే ప్రారంభించింది. ఊరంతా ఇంటి పన్ను కడుతుందని, మద్యాన్ని ఊరే నిషేధించుకుందని పేరు. నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది.

ఆ ఊరి గుట్టు డబ్బు కాదు, కమిటీలు. తాగునీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, చదువుకు ఒకటి. ప్రతి పనికీ కొందరు ఊరివాళ్ళే బాధ్యులు. తాగునీటి కోసం బాలవికాస సంస్థ తోడ్పడినప్పుడు ఊరివాళ్ళు తమ వాటా కూడా వేసుకున్నారు. ట్యాంకులో తన వాటా ఉన్న మనిషి నల్లా కారుతుంటే చూస్తూ వెళ్ళిపోడు. తను చేరిన కమిటీ కూర్చున్న రోజు తను రాకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టి అడుగుతారు. ఒకే ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఆ సంబంధం రాదు, పని పంచుకుంటే వస్తుంది.

ఇంత దూరం వెళ్ళక్కర్లేదు, మన బతుకమ్మనే చూడండి. పండుగ అంటే చివరికి చుట్టూ చేరి ఆడటమే అనుకుంటాం. ఆట సాయంత్రం రెండు గంటలు. దాని వెనక పని ఎంత! తంగేడు పూలకు ఒకరు పోవాలి. గునుగు తెచ్చి, కాడలు సమంగా కోసి, రంగులద్ది ఆరబెట్టాలి. తాంబాళంలో వరస మీద వరస పేర్చడానికి ఒకరి చేతులు చాలవు. పసుపు గౌరమ్మను చేసే పెద్దమ్మ ఒకరు, సద్దులు కట్టే వదిన ఒకరు, మలీద ముద్దలు పంచే పిల్లలు కొందరు. బతుకమ్మ వాడకట్టును కలుపుతుందంటే అది పాటతోనే కాదు, ఆ పేర్చడంతో కూడా. ఇప్పుడు కొన్ని చోట్ల పేర్చిన బతుకమ్మను మార్కెట్‌లో కొనుక్కుని నేరుగా ఆడే చోటికి తీసుకెళ్తున్నాం. తప్పనడం లేదు, ఉద్యోగాలు చేసే తల్లులకు తీరిక ఉండదు. కానీ వంద రూపాయలు మిగలకపోయినా సరే, ఒక్క రోజైనా పక్క పోర్షన్ అక్కను పిలిచి కలిసి పేర్చండి. తొమ్మిది రోజులు పక్కపక్కన ఆడినా రాని చనువు ఆ ఒక్క మధ్యాహ్నం వస్తుంది.

పిల్లల విషయంలో కూడా ఇదే సూత్రం. తరగతిలో కొత్తగా చేరిన బిడ్డకు "అందరితో ఫ్రెండ్‌షిప్ చెయ్యి" అని చెబితే వాడికి ఏమీ అర్థం కాదు. గ్రంథాలయం పుస్తకాలు లెక్క పెట్టే పని, మొక్కలకు నీళ్ళు పోసే పని, చిన్న తరగతి పిల్లలను బస్సు ఎక్కించే పని అప్పగిస్తే వాడికి ఒక చోటు దొరుకుతుంది. వాడు రాని రోజు మొక్కలు ఎండుతాయి. ఎవరో ఒకరు "ఈ రోజు రాలేదేం?" అని అడుగుతారు.

"మనవాళ్ళు" అనే మాటకు రెండు తలుపులు

మన ప్రాంతపు నేత కుటుంబాలు ఎన్నో బతుకుతెరువు వెతుక్కుంటూ మహారాష్ట్రలోని షోలాపూర్‌కు, భివండికి, గుజరాత్‌లోని సూరత్‌కు వెళ్ళాయి. భాష రాని ఊరు, రాత్రింబవళ్ళు మగ్గాల చప్పుడు. వాళ్ళు అక్కడ ఒంటరిగా మిగిలిపోలేదు. భివండిలో పద్మనగర్ తెలుగు పేటగా పేరు పడింది. షోలాపూర్‌లో శ్రావణ పున్నమికి మార్కండేయ రథోత్సవం జరుగుతుంది. తెలుగు పిల్లల చదువు కోసం బడులు పెట్టుకున్నారు. బతుకమ్మ కూడా వాళ్ళతో పాటే రైలెక్కి వెళ్ళింది. పరాయి ఊళ్ళో తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉండాలని తపించినవాళ్ళు మనవాళ్ళే.

మరి ఇప్పుడు మన ఊరికి వచ్చినవాళ్ళ సంగతి? బదిలీ మీద వచ్చిన హిందీ మాట్లాడే కుటుంబం, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, వేరే మతం వాళ్ళు, భర్త ఊళ్ళో ఉండగా ఒంటరిగా పిల్లలతో ఉంటున్న తల్లి. "మనవాళ్ళు" అనే మాట లోపలికి తెరుచుకునే తలుపు. ఒక్కోసారి అదే బయటివాళ్ళ ముఖాన మూసుకునే తలుపు కూడా. కులసంఘం, ఊరి సంఘం, అసోసియేషన్ ఉండటం తప్పు కాదు. అవి మాత్రమే ఉంటే, ఏ సంఘంలోనూ పేరు లేని మనిషి మన గోడ పక్కనే ఉండి కూడా మనకు కనబడడు. పిల్లలు దీన్ని మాటల్లో నేర్చుకోరు, మన చూపుల్లో నేర్చుకుంటారు. పుట్టినరోజు పార్టీకి ఎవరిని పిలుద్దామని మీ పాపతో కలిసి జాబితా రాసేటప్పుడు, "మీ తరగతిలో ఎవరూ పిలవని వాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్క మాట అడిగి చూడండి.

"కానీ..." అని మీరనే మాటలు

"ఎక్కువ కలిస్తే గొడవలే" అంటారు కొందరు. నిజమే, ఉప్పూ పప్పూ అప్పుల నుంచి మాటల పట్టింపుల దాకా ఇరుగుపొరుగుతో చిక్కులు ఉంటాయి. అందరికీ అన్నీ చెప్పుకోనక్కర్లేదు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండవచ్చు. తలుపు మాత్రం గడియ పడి ఉండకూడదు. సాయానికి అవధి పెట్టుకోండి, పలకరింపుకు పెట్టుకోకండి.

"పిల్లల భద్రత మాటేమిటి?" అన్నది మరింత గట్టి ప్రశ్న. ఎవరిని పడితే వారిని నమ్మమని ఈ వ్యాసం చెప్పడం లేదు. నమ్మకం నెమ్మదిగా, అందరి ముందు పెరగాలి. మొదట మీరుండగా కలవాలి, తర్వాత కుటుంబాలు కలవాలి, ఆ తర్వాతే బాధ్యత అప్పగించడం. ఎవరైనా సరే, ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే మీతో చెప్పాలని పిల్లలకు నేర్పండి. అలా చెప్పినప్పుడు కసురుకోకుండా వినండి. నిజానికి పదిమంది గుర్తుపట్టే పిల్లవాడే వీధిలో ఎక్కువ క్షేమం.

"మాకు తీరిక లేదు" అనేవాళ్ళకు ఒకటే మాట. కొత్త పనులు పెట్టుకోకండి. ఉన్న పనులనే మరొకరితో కలిసి చేయండి. వాకింగ్ ఎలాగూ చేస్తారు, పిండి గిర్నీకి ఎలాగూ వెళ్తారు.

ఈ నెలలో చేయగలిగినవి

1. మీ గల్లీలో కుడివైపు రెండిళ్ళు, ఎడమవైపు రెండిళ్ళ వాళ్ళ పేర్లు కనుక్కోండి. పిల్లలకు కూడా వరస పెట్టి పిలవడం నేర్పండి: అక్క, అన్న, పెద్దమ్మ, తాత. "ఆంటీ"కి లేని చోటు "పెద్దమ్మ"కు దొరుకుతుంది.

2. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి బస్టాప్ వంతులు వేసుకోండి. సోమవారం మీరు, మంగళవారం వారు. మొదటి నెల అందరూ కలిసే రండి, తర్వాత వంతులు.

3. సాయంత్రం ముప్పావు గంట ఆటకు రాసిపెట్టండి. ట్యూషన్ ఆ గంటకు పెట్టకండి. పెద్దవాళ్ళు ఒకరు కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటే చాలు.

4. ఈసారి బతుకమ్మను కనీసం ఒక రోజు మరో కుటుంబంతో కలిసి పేర్చండి. దసరా నాడు జమ్మి ఆకు పెట్టడానికి చుట్టాల ఇళ్ళతో పాటు ఇంతవరకు గడప తొక్కని ఒక్క ఇంటికి వెళ్ళండి. పిల్లలను వెంట తీసుకెళ్ళండి.

5. క్లాసు గ్రూపులో ఒక నియమం పెట్టుకోండి: మూడు రోజులు వరసగా బడికి రాని పిల్లవాడి ఇంటికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. హోంవర్క్ అడగడానికి కాదు, ఎలా ఉన్నాడో అడగడానికి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ బిడ్డ తిండి, నిద్ర మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకడం ఎందుకన్న మాట నోటి వెంట వచ్చినా అది పక్కింటి కబుర్లతో తీరే ఒంటరితనం కాదు. ఆలస్యం చేయకుండా క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా సలహా దొరుకుతుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. పెద్దలకు ఇలా అనిపించినా అంతే. అడగడానికి సిగ్గుపడకండి.

మళ్ళీ ఆ గడి దగ్గరికి

మన కాశిబుగ్గ పేరులోని "బుగ్గ" అంటే నీటి ఊట. ఊటను ఎవరూ బయటి నుంచి తెచ్చి పోయరు. నేల లోపల ఉన్నది దారి దొరికితే పైకి వస్తుంది. మనుషుల మధ్య ఆప్యాయత కూడా చాలావరకు అంతే. అది ఎండిపోలేదు. మూసిన గేటు, చేతిలోని ఫోన్, నిండిపోయిన టైంటేబుల్ దానికి అడ్డుగా ఉన్నాయి, అంతే.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక కాగితం తీసుకోండి. మీ ఇంటి నుంచి పది నిమిషాల నడక దూరంలో, మీ బిడ్డ భయం లేకుండా వెంట వెళ్ళగలిగే మనిషి పేరు రాయండి. పేరు తట్టితే అదృష్టవంతులు. రేపు ఉదయం వెళ్ళి ఆ మాట వారికే చెప్పండి: "అక్కా, బడి దరఖాస్తులో మీ పేరు రాస్తున్నాం" అని. ఆమె ముఖం చూడండి.

పేరు తట్టకపోతే గడి ఖాళీగానే ఉంచండి. దిగులు పడకండి, దాన్ని నింపడానికి ఏడాది ఉంది. రేపు ఉదయం బస్టాప్‌కు ఐదు నిమిషాలు ముందు వెళ్ళండి. పక్కన నిలబడ్డ తల్లిని ఊళ్ళో అవ్వ అడిగినట్టే అడగండి: "మీది ఏ ఊరమ్మా?"

ఇంకొక్క సంగతి. మీ బస్టాప్‌లో నిలబడే మరో తల్లి కూడా ఈ రాత్రి ఇలాగే కాగితం ముందు కూర్చుని ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆమె మూడో గడిలో మీ పేరు రాయగలిగేలా ఉన్నారా మీరు?